ఆగ్నేయం గోడ మీద టీవీ

సంతాపసభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆయన్ని ఎత్తైన మనిషి అన్నారు. ఆయన నా చెవి దాకా కూడా వచ్చేవారు కాదు, నేనేమీ పొడగరిని కాను. వాళ్ళంటున్నది మనసు సంగతని నాకూ తెలుసు. కానీ ఎత్తు అన్న మాట వినపడినప్పుడల్లా నా చూపు ముందు వరసలో తల దించుకుని కూర్చున్న ఆయన భార్య, మా అందరి వదిన మీదికే పోయింది. ఆవిడ ఏడుస్తూ తల దించుకుందని హాల్లో అందరూ అనుకున్నారు. ఆ మెడ పైకి లేవక చాలా ఏళ్ళయింది. లేవకపోవడంలో ఆ ఎత్తైన మనిషి వాటా కొంత ఉంది, ఆ ముక్క మైకులో ఎవరూ చెప్పలేదు.

చివర్లో కాసేపు మౌనం పాటించమన్నారు. అందరూ మౌనం పాటిస్తుంటే నేను లోపల ఆయన్ని తిట్టుకుంటూ నిలబడ్డాను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని మా అమ్మ నాకు నేర్పింది. అయితే మా అమ్మ ఏనాడూ ఆయనింటి హాల్లో చాప మీద కూర్చుని, కప్పు వైపు మొహం పెట్టి టీవీ చూడలేదు.

నేను ఒంగోలు నుంచి సింగపూర్ వచ్చినప్పుడు ఇక్కడ తెలుగువాళ్ళెవరైనా ఎదురైతే ముందు ఏ టెక్నాలజీ అని అడిగేవాళ్ళు, ఊరూ పేరూ తర్వాత. ఒక బ్యాంకు పని మీద కాంట్రాక్టులో వచ్చాను. చాంగీ విమానాశ్రయంలో నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని ఆయన నిలబడి ఉన్నారు. అప్పటికి నాకు ఆయనెవరో తెలియదు, మా సీనియర్ ఒకతను ఫోన్ చేసి చెప్పాడట. రెండో చేతిలో వదిన కట్టిచ్చిన పులిహోర డబ్బా. హౌగాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో చిన్నగది అద్దెకిచ్చారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆయన అన్నయ్యగారు, ఆవిడ వదిన. నాకూ అంతే అయ్యారు.

ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన చేతిలో రిమోట్ ఉండేది. టీవీ ఆపేసి ఉన్నా ఉండేది. దాంతోనే ఉప్పు చూపించేవారు, దాంతోనే వీపు గోక్కునేవారు, దాంతోనే కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి కెరీర్ ఎట్లా పైకి తీసుకెళ్ళాలో గాల్లో గీసి చూపించేవారు. ఇంటికి నలుగురొచ్చినప్పుడు వదిన ఏదైనా చెప్పడం మొదలుపెట్టి అది కాస్త పొడుగైతే రిమోట్ ఆవిడ వైపు తిప్పి బటన్ నొక్కేవారు. "మ్యూట్" అనేవారు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. వదిన కూడా నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నవ్విన మొహాలన్నీ గుర్తుపెట్టుకునేదాన్ని, ఆ మొహాల్లో కొన్ని మొన్న సంతాపసభ వేదిక మీద కూడా కనిపించాయి.

ఆయనకి ఇంకో అలవాటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్ కాబట్టి క్లయింట్లు అడిగిన మార్పుల్ని వాయిదా వెయ్యడం ఆయన వృత్తి. ఆ వృత్తిని ఇంటికి కూడా తెచ్చారు. వదిన వంటింటి కుళాయి కారుతోందంటే "అది ఫేజ్ టూలో చూద్దాం" అనేవారు. బట్టలారేసే వెదురు గడ విరిగితే ఫేజ్ టూ. ఇండియా వెళ్ళి అక్కని చూసొస్తానంటే ఫేజ్ టూ. ఆ మాట ఎంత ప్రేమగా అనేవారంటే, వినే మనిషికి పని సగం అయిపోయినట్టే అనిపించేది. నేనున్నన్నాళ్ళలో ఆ ఇంట్లో ఫేజ్ టూ మొదలవలేదు.

ఇక ఆ టీవీ సంగతి. ఆఫీసు పని మీద ఆయన ఒకసారి ఇంగ్లండ్ వెళ్ళారు. అక్కడ క్లయింట్ ఒకాయన ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళ హాల్లో ఫైర్‌ప్లేస్ ఉందట, చలికి గోడలో గూడు కట్టి కట్టెలు కాల్చుకుంటారు కదా, అది. దాని పైన గోడకి పెద్ద ప్లాస్మా టీవీ బిగించి ఉందట. క్లయింట్ ఆ గూడు మీది పలకకి మోచెయ్యి ఆనించి, చేతిలో గ్లాసుతో నిలబడి మాట్లాడాడట. ఆ నిలబడ్డ తీరు ఆయన బుర్రలో అట్లా ఉండిపోయింది. వచ్చాక ఆ ఫోటో పర్సులో పెట్టుకుని తిరిగారు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించారు.

సింగపూర్‌లో ఫైర్‌ప్లేస్ ఎందుకని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు ఇండియా నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఆయన ఆఫీసులో పని ముక్కలు ముక్కలుగా బెంగళూరు పంపించేస్తున్నారు. తన ఉద్యోగం పోతే, బయట ఎన్ని ఉన్నా ఆ వయసులో మళ్ళీ ఇంటర్వ్యూలకి వెళ్ళడమంటే ఆయనకి గుండెల్లో రాయి పడేది. తెనాలిలో ఉండే వాస్తు సిద్ధాంతిగారికి ఫ్లాట్ ప్లాను ఫ్యాక్స్ పంపించి ఫోన్ చేశారు. మీ వంటిల్లు ఈశాన్యంలో పడింది, అక్కడ నిప్పుండకూడదు, దోషం పోవాలంటే ఆగ్నేయంలో అగ్ని ఉండాలి అని ఆ సిద్ధాంతిగారు అన్నారట. ఫ్లాట్‌లో ఆగ్నేయం అంటే హాలు గోడ. ఆయన ఫోన్ పెట్టేసి రిమోట్‌తో ఆ గోడని చూపించి "దొరికింది" అన్నారు.

చైనీస్ కాంట్రాక్టర్ వచ్చి గోడ కొలుచుకుంటూ ఒకటే అడిగాడు. "అంకుల్, వై యూ వాంట్ ఫైర్? సింగపూర్ ఆల్రెడీ ఫైర్ లా." ఆయన నవ్వలేదు. వాస్తు అని చెప్పబోయి, చైనావాళ్ళ వాస్తు పేరు, ఫెంగ్ షుయ్ అని చెప్పారు. కాంట్రాక్టర్ వెంటనే గంభీరంగా తలూపి పని మొదలుపెట్టాడు.

చెక్కతో గూడు, చుట్టూ పాలరాయిలా కనిపించే అట్ట, లోపల కరెంటు మంట. నారింజరంగు బల్బు ముందు వెండి రేకులు గిరగిరా తిరుగుతుంటే మంట ఆడినట్టుండేది. కింద నిజంగానే వేడి వచ్చే తీగచుట్ట కూడా ఉంది. గూటి పైపలక ఆయన గుండెల దాకా వచ్చింది. దాని మీద జానెడు ఖాళీ వదిలి టీవీ బిగించారు. మా హౌసింగ్ బోర్డు ఫ్లాట్ల కప్పులు అసలే తక్కువ ఎత్తు. టీవీ పై అంచు కప్పుకి దాదాపు తగిలింది. కూర్చున్నవాళ్ళకి న్యూస్ చదివే అమ్మాయి గడ్డమే ముందు కనిపించేది.

మంట వెలిగించిన రోజు కొబ్బరికాయ కొట్టారు. ఇంటి నిండా జనం. హాల్లో వేడి పుట్టిందని ఏసీ బాగా పెంచారు. ఏసీకి వణుకు పుట్టిందని మంట ఇంకాస్త పెంచారు. ఆయన ఆ క్లయింట్ లాగా పలకకి మోచెయ్యి ఆనించబోయారు. పలక ఎత్తు, మనిషి పొట్టి, భుజం చెవి దాకా లేచింది. అట్లాగే నిలబడి మాట్లాడారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో జరిగిన ప్రతి విందులోనూ ఆయన ఆ భుజంతోనే నిలబడ్డారు. అదేదో సౌకర్యంగా ఉన్నట్టు మొహం పెట్టేవారు చూడండి, ఆ మొహం ఇప్పుడు తల్చుకున్నా నాకు నవ్వు రాదు.

ఆ రోజే, జనం ముందే, వదిన అడిగింది. "ఏవండీ, కొంచెం పైకైనట్టుంది. నాకు మెడ పట్టేస్తంది. ఓ మూరెడు దించమంటారా ఆ కాంట్రాక్టర్ని?"

ఆయన రిమోట్ ఆవిడ వైపు తిప్పారు. హాలంతా నవ్వింది.

ఆవిడ అడిగింది అలంకారం కోసం కాదు. డిపెండెంట్ పాస్ మీద, అంటే భర్త వీసా మీద ఉన్న మనిషి, ఉద్యోగం లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయనా నేనూ పొద్దున్నే ట్రైన్ ఎక్కి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. మధ్యలో ఆవిడకి ఉన్న తెలుగు మాట ఆ టీవీ ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తిని సోఫాలో కూర్చుని సీరియళ్ళు చూసేది. అవి నేనూ చూసేదాన్ని కాదు, వాటిలో గొప్పేమీ లేదు. కానీ ఆ మనుషులే ఆవిడకి చుట్టుపక్కల వాళ్ళు. ఎవరికి పెళ్ళి కుదిరిందో, ఎవరు ఎవరిని మోసం చేశారో నేను రాగానే గుమ్మంలోనే చెప్పేది. టీవీ పైకెక్కాక మెడనొప్పి ముదిరింది. మొదట తైలం, తర్వాత మెడకి పట్టీ, ఆ తర్వాత చేతివేళ్ళల్లో తిమ్మిరి. ఒకరోజు పప్పుగిన్నె చేతిలోంచి జారిపోతే నేనే ఆఫీసుకి సెలవు పెట్టి పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మెడ ఎముకలు అరిగాయంది. ఇంట్లో ఏం చేస్తుంటారని అడిగింది. నేను టీవీ సంగతి చేత్తో ఎత్తు చూపించి చెప్పాను. ఆవిడ కాసేపు నా చెయ్యి వంకే చూసింది. "ఆంటీ, నో లుకింగ్ అప్, ఓకే? టీవీ మస్ట్ బి ఐ లెవెల్. వెరీ ఇంపార్టెంట్ అహ్" అంది. వదినకి ఆ ఇంగ్లీషు పూర్తిగా అర్థమైంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ మొహం వెలిగిపోయింది. "డాక్టరే చెప్పిందిగా. ఇంక దించుతార్లే" అంది. ఇంటికి రాగానే చెప్పులు విప్పి, ఎదురుగోడ వారనున్న పొట్టి చెక్క బల్ల మీది పూలకుండీ తీసేసింది. తడిగుడ్డ పెట్టి తుడిచింది. కూర్చుని చూసింది, బల్ల ఇటు జరిపి మళ్ళీ కూర్చుని చూసింది. "ఇక్కడ పెడితే నాకు సరిగ్గా ఎదురుగా ఉంటది అమ్మాయ్. వైరు అందుద్దంటావా?" అని అడిగింది. అందుతుందన్నాను. సాయంత్రం ఆయనకిష్టమని గుత్తొంకాయ చేసింది.

భోజనాల దగ్గర సంగతంతా నేనే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆయనకి లోటుండేది కాదు. విని, వంకాయ మెచ్చుకుని, "చూద్దాం. ఫేజ్ టూలో పెడదాం" అన్నారు.

"ఫేజ్ టూ ఎప్పుడండీ?" అన్నాను. నా గొంతు పెరిగింది. వదిన బల్ల కింద నా కాలు తొక్కింది. నేను ఆగలేదు. "ఆవిడ చేతుల్లోంచి గిన్నెలు జారిపోతున్నాయి అన్నయ్యగారూ. కాంట్రాక్టర్ ఓ పూట పని చేస్తే అయిపోద్ది. దీనికి కూడా ఫేజులేంటి?"

ఆయన ముద్ద కలపడం ఆపారు. రిమోట్ నా వైపు తిప్పలేదు, అది నాకు గుర్తుంది. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "చెల్లెమ్మా, నీకు తెలీదు. మా ఫ్లోర్ మొత్తం ఖాళీ అయింది. నాతో జాయినైనవాళ్ళు ఒక్కడు లేడు. నేనొక్కణ్ణే మిగిలా. ఎప్పటి నుంచి? ఈ అగ్ని పెట్టినప్పటి నుంచి."

"అగ్నిని ఎవరు కదపమన్నారండి? టీవీని దించమంటున్నాం."

"అంతా ఒకటే సెటప్పమ్మా. ప్రొడక్షన్‌లో నడుస్తున్న సిస్టమ్‌ని ఎవరన్నా ముట్టుకుంటారా? నువ్వు ముట్టుకుంటావా?"

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదని మాకు మొదటి రోజే చెప్తారు. ఎందుకు నడుస్తోందో ఎవరికీ తెలియని ప్రోగ్రాములు మా బ్యాంకులో ఎన్నో ఉన్నాయి, వాటి జోలికి ఎవరం పోము. ఆయన ఆ భయాన్ని పట్టుకొచ్చి హాలు గోడకి బిగించారు. ఆయన కళ్ళల్లో నిజంగానే భయం ఉంది. దాన్ని చూసి నాకు జాలి కలగాలి కదా, కలగలేదు. భయపడింది ఆయన, మెడ విరిగింది ఆవిడది. ఇప్పటికీ నాకు జాలి కలగదు.

మర్నాడు కాలింగ్ కార్డు కొనుక్కొచ్చి, ఆయన ఇంట్లో ఉండగానే, తెనాలి సిద్ధాంతిగారికి నేనే ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. ముసలాయన గొంతు, మెత్తగా ఉంది. ఫైర్‌ప్లేస్ అంటే ఏమిటో చెప్పడానికే సగం కార్డు అయిపోయింది. అంతా విని సిద్ధాంతిగారు "అయ్యో, పొయ్యి కట్టమన్లేదమ్మా నేను. ఆగ్నేయంలో పూటా ఓ దీపం పెట్టుకోండి అన్నాను, ప్రమిదలో. టీవీ సంగతి నాకసలు తెలీనే తెలీదు" అన్నారు.

ఆ మాట హాల్లో మా ముగ్గురికీ వినపడింది. వదిన చీరకొంగు వేలికి చుట్టుకుంటూ అన్నయ్యగారి వంక చూసింది. ఇంక దారి లేదు, దించాల్సిందే అని నేననుకున్నాను. ఆయన లేచొచ్చి ఫోన్ దగ్గర వంగి, "నమస్కారమండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేశారు. "పెద్దాయన మర్చిపోయాడు, వయసైపోయింది పాపం" అన్నారు. టీవీ పెట్టి వాల్యూమ్ పెంచారు. వాస్తు చెప్పినాయనకన్నా ఈయనకే వాస్తు ఎక్కువ తెలుసు.

వదిన మెల్లగా బల్ల దగ్గరికెళ్ళి పూలకుండీ మళ్ళీ పెట్టేసింది. "పోనీలే అమ్మాయ్" అంది. ఆ పోనీలే అన్న మాట మీద నాకు ఆయన మీదకన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఆవిడ మీద చూపించలేక గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ కుర్చీ తిప్పేసుకుంది. టీవీకి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి, ఒళ్ళో గోంగూర కట్టలు పెట్టుకుని ఆకులు తుంపుకుంటూ సీరియళ్ళు వినేది. మంట వేడి వీపుకి తగులుతుంటే ఒళ్ళు చెమటలు పట్టేది. అయినా మంట కట్టేసేది కాదు, కట్టేస్తే ఆయన ఒప్పుకోరు. ఎవరి గొంతు ఎవరిదో, ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు దొంగ ఏడుపు ఏడుస్తున్నారో ఆవిడకి చెవితోనే తెలిసేది. అట్లా ఎంతో కాలం గడిచింది.

ఒక ఆదివారం ఇద్దరం లిటిల్ ఇండియా వెళ్ళాం. సెరంగూన్ రోడ్డు మీద పనివాళ్ళ జనం మధ్యలోంచి తోసుకుంటూ కిరాణా కొట్లో దూరాం. అక్కడ తాడుకి వేలాడదీసిన వారపత్రిక అట్ట మీద ఆవిడ రోజూ వినే సీరియల్ అమ్మాయి బొమ్మ ఉంది. నేను చూపించాను. వదిన తల పక్కకి వంచి, చాలాసేపు ఆ బొమ్మ వంక చూసింది.

"ఈ పిల్లేనా?" అంది. "నేను లావుగా ఉంటదనుకున్నా. బొద్దుగా, పెద్ద బొట్టు పెట్టుకుని."

అంత ఇష్టపడిన మనిషి మొహం ఆవిడకి తెలియదు. నేను కొట్లో అందరి ముందూ ఏడ్చాను. కొట్టాయన చింతపండు తూస్తూ చెయ్యి ఆపి నా వంక చూశాడు. వదినకి నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కాలేదు, ఆఫీసులో ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగింది. నేను ఆ పత్రిక కొని ఆవిడ చేతిలో పెట్టాను.

ఆయన చేసిన మేలు కూడా చెప్పాలి. చెబుతాను, అదీ కోపంగానే. బ్యాంకు పని ఉన్నట్టుండి ఆగిపోయి, నా వర్క్ పాస్ రద్దయ్యే పరిస్థితి వచ్చినప్పుడు ఆయన సాయంత్రాలన్నీ నా పక్కన కూర్చుని నా బయోడేటా తిరగరాశారు. తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి, చేసినవాళ్ళకే మళ్ళీ చేసి, బతిమాలారు. ఇంటర్వ్యూకి తనే టాక్సీలో తీసుకెళ్ళి, నేను పైకెళ్ళి వచ్చేదాకా కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో చల్లారిపోయిన టీ ముందు కూర్చున్నారు. నేను వేలాడేసిన మొహంతో దిగొస్తే "తలెత్తుకో చెల్లెమ్మా. మనం ఇక్కడికొచ్చింది తలెత్తుకు బతకడానికి" అన్నారు. ఆ ఉద్యోగం వచ్చింది. పుంగ్గోల్‌లో ఇవాళ నాకున్న ఇల్లు ఆ ఉద్యోగం చలవే. నాలాంటివాళ్ళు సంతాపసభ హాలు నిండా ఉన్నారు. ఎవరిని కదిపినా ఇట్లాంటి కథ ఒకటి చెప్తారు, అన్నీ నిజాలే.

అందుకే నా కోపం తగ్గదు. ఎవరి కష్టమూ పట్టని మొద్దయితే పోనీలే అని నేనూ అనుకుని ఉండేదాన్ని. పరాయిపిల్ల మొహం వాడిపోతే కనిపెట్టగలిగిన కళ్ళకి ఇంట్లో మనిషి కుర్చీ తిప్పుకోవడం కనపడలేదంటే నేను నమ్మను. కనపడింది. చూసి ఊరుకున్నారు. బయట అందరి తలలూ ఎత్తించినాయన, ఇంట్లో ఒక తల కోసం ఒక మూరెడు దించలేదు.

నాకు పెళ్ళై పుంగ్గోల్ వెళ్ళిపోయాక కూడా వెళ్తూ వస్తూ ఉండేదాన్ని. టీవీలు మారాయి, ఇంకా పెద్దవొచ్చాయి, ఎత్తు మారలేదు. వెళ్ళిన ప్రతిసారీ నేను ఆ మాట ఎత్తేదాన్ని. ఆయన నవ్వి, రిమోట్ నా వైపు తిప్పేవారు. ఈ మధ్య ఆయన గుండె ఆగిపోయిందని కబురొచ్చినప్పుడు నేను బట్టలు మడతపెడుతున్నాను. మడతపెట్టడం పూర్తిచేసి, అప్పుడు కూలబడ్డాను.

సంతాపసభ అయ్యాక, అక్కడ దండ వేసిన పెద్ద ఫోటోని హౌగాంగ్ ఇంటికి మోసుకెళ్ళాం. తెలుగు సంఘం కార్యదర్శి, ఇంకొందరు మగవాళ్ళు, నేనూ. ఈ కార్యదర్శి ఒకప్పుడు మ్యూట్ జోకుకి అందరికన్నా గట్టిగా నవ్వినవాడే. వదిన అందరికీ మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"చావు జరిగిన ఇల్లు, కొన్నాళ్ళు టీవీ ఎందుకులే" అని కార్యదర్శి చొక్కా చేతులు మడిచాడు. ఇన్నేళ్ళుగా కదలని టీవీని ఇద్దరు పట్టుకుని క్షణంలో కిందికి దించేశారు. దించి, గదిలో మంచం మీద బోర్లా పెట్టారు. గోడకి మిగిలిపోయిన ఇనప చట్రానికి ఫోటోని తగిలించారు. సరిగ్గా సరిపోయింది. కార్యదర్శి వెనక్కి నాలుగడుగులేసి, మెడ పైకెత్తి చూశాడు.

"అన్నయ్య ఎక్కడుండాలో అక్కడున్నారు" అన్నాడు.

ఒకతను కింద స్విచ్ వేశాడు. మంట వెలిగింది, వెండి రేకులు తిరిగాయి. "దీపం బదులు ఉంటుంది, ఆరిపోయే భయం లేదు" అన్నాడు అతను. ఇంకొకతను గ్రూపులో పెట్టడానికి ఫోన్‌తో ఫోటోలు తీశాడు.

"కిందికి దించండి" అన్నాను.

"ఫోటో పైనే ఉండాలి కదమ్మా. నేల మీద పెడతామా ఆయన్ని?" అన్నాడు కార్యదర్శి. పెద్దమనిషి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. నాకు చెయ్యి లేచేంత కోపం వచ్చింది. నోరు తెరిచేలోపు వదిన గ్లాసుల ట్రేతో వచ్చింది. మెడకి పట్టీ ఉంది. చూపు మా నడుముల దాకానే వస్తోంది. ట్రే బల్ల మీద పెట్టి, మంట వైపు తిరిగింది. మంట కనపడింది, పలక కనపడింది. ఆ పైన ఉన్న మనిషి ఆవిడకి కనపడలేదు.

"ఎక్కడ పెట్టారు ఆయన్ని?" అంది.

"పైన వదినా, టీవీ ప్లేసులో. చాలా బావుంది."

"దించండి."

"అది కాదు వదినా, నలుగురూ వచ్చినప్పుడు..."

"నాకు ఆయనతో మాట్లాడే పనుంది. మెడ ఎత్తి మాట్లాడలేను. దించండి" అంది. గొంతు పెంచలేదు. "ఆ మంట కూడా కట్టెయ్యండి, ఉక్కపోస్తంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. స్విచ్ వేసినతనే వంగి స్విచ్ ఆపాడు. కార్యదర్శి ఫోటో ఊడదీసి, ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి నేను లాక్కొచ్చి వేశాను. దాని మీద నిలబెట్టి, వీపుకి దిండు ఆనించాం. వదిన ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. మొహానికి మొహం సరిగ్గా వచ్చింది. కళ్ళకి అడ్డం పడుతున్న దండని చేత్తో పక్కకి జరిపింది.

"ఇంక మీరంతా వెళ్ళిరండి" అంది.

మగవాళ్ళు లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. నేను గుమ్మంలో కూర్చుని చెప్పుల పట్టీ పెట్టుకుంటున్నాను.

"ఏమయ్యా" అంది లోపల వదిన. కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. తర్వాత గొంతు వణికింది, కోపంతోనే వణికింది. "మూరెడు దించమన్నా. నీకేం పోయింది?"

నేను ఇనప గేటు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, లిఫ్టు వైపు నడిచాను.